యెరవు తెచ్చిన గొడ్డలి

ధ్యాన భాగములు: 2 రాజులు 6:1–7, యోహాను 4:35–38



ఎలీషా దినములలో ప్రవక్తల శిష్యులు కాపురముండు స్థలము ఇరుకైపోయెను. వారు యొర్దాను ఒడ్డునకు పోయి మనిషికొక దూలము చొప్పున మ్రానులు నరుకుచుండిరి. అందులో ఒకని గొడ్డలి ఊడి నీళ్లలో పడెను. అతడు వేసిన కేకను గమనించుడి. గొడ్డలి పోయెనన్న బాధకంటె మరియొక బాధ అందులో ఎక్కువగా నున్నది. అది అతనిది కాదు. ఎవరి యొద్దనో యెరవు తెచ్చినది. సౌలు దినములలో ఇశ్రాయేలీయులు గొడ్డలికి పదును పెట్టించుకొనుటకైనను ఫిలిష్తీయుల యొద్దకు పోవలసి వచ్చెనని సమూయేలు మొదటి గ్రంథము 13వ అధ్యాయములో చదువుచున్నాము గదా. ఇనుము అంత అరుదైనది. దానిని నమ్మి చేతికిచ్చినవానికి ఏమని జవాబు చెప్పవలెను?

ఈ భాగము నాకు జ్ఞాపకము వచ్చుటకు మన సంఘములోని ఒక యౌవనస్థుడు కారణము. ఇతడు పట్నములో బి.యస్సీ. చదువుచున్నాడు. తండ్రి లేడు. నాయనమ్మ నాట్లకు, కలుపులకు పోయి సంపాదించిన కూలితో చదువు సాగుచున్నది. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట ఇతడు గుడి అరుగు మీద నా ప్రక్కను కూర్చుండి, “అయ్యగారూ, చదువు మానేద్దామనుకుంటున్నానండి” అనెను.

“ఏం నాయనా, ఫీజు కట్టలేదా?”

“ఫీజు కాదండి. ఒక ప్రొటీను రూపం కనుక్కోడానికి పూర్వం ఒక్కొక్కరు జీవితమంతా ధారపోశారట. ఇప్పుడు కృత్రిమ మేధ అని కంప్యూటరులో పెట్టారు. అది నిమిషాల్లో చెప్పేస్తోంది. అలాంటప్పుడు మా నాయనమ్మ కూలిడబ్బులు తగలేసి నేను నేర్చుకునేది ఏముందండి?”

చెప్పులు తొడుగుకొనుచున్న సంఘపెద్ద ఒకరు ఈ మాట విని, “అది బాబెలు గోపురం, అబ్బాయ్. దాని జోలికి పోకు” అని చెప్పి వెళ్లిపోయిరి. ఆయన భక్తిపరులు, నేను ఆయనను గౌరవించుచున్నాను. అయితే ఆ జవాబు ఆ అబ్బాయికి చాలలేదని వాని ముఖము చూడగా తెలిసెను. నాకును చాలలేదు. నా యొద్ద అంతకు మించిన జవాబు ఆ పూట లేకపోయెను. సెమినరీలో నాకు గ్రీకు భాష నేర్పిరి గాని రసాయన శాస్త్రము నేర్పలేదు. అందుచేత ఆ అబ్బాయినే గురువుగా పెట్టుకొని, వాని పుస్తకములు ముందు వేసికొని, కొన్ని వారములు చదివితిని. చదివినదానిని నాకు అర్థమైనంతవరకు మీకు చెప్పుచున్నాను.

మన బడిపిల్లలు మాంసకృత్తులని చదువుకొనునవే ఈ ప్రొటీనులు. అవి పప్పులోను గ్రుడ్డులోను మాత్రమే ఉండునవి కావు. మన దేహములో జరుగు పనిలో చాలా భాగము వాటివలననే జరుగుచున్నది. ఊపిరితో వచ్చిన ప్రాణవాయువును మోయునది ఒక ప్రొటీను. తిన్న చక్కెరను లోపలికి పంపు ఇన్సులిను మరియొక ప్రొటీను. ఇరువది రకముల పూసలను ఒక వరుసలో దారమునకు గ్రుచ్చినట్లు అమైనో ఆమ్లములను వరుసగా కూర్చగా ప్రొటీను అగుచున్నది. అయితే అది దండవలె సాగియుండదు. తనంతట తానే ముడుచుకొని, మెలిదిరిగి, ఒక రూపము పొందును. ఆ రూపమునుబట్టియే దాని పని. తాళపుచెవికి పండ్లెట్లో ప్రొటీనుకు మడత అట్లు. ఒక్క పూస మారినను ఏమగునో మన ఏజెన్సీ ప్రాంతపు సహోదరులు ఎరుగుదురు. రక్తములోని హిమోగ్లోబినులో ఒక వరుసయందు 146 పూసలుండగా, వాటిలో ఒకటి మారినందున రక్తకణము కొడవలివలె వంగిపోవుచున్నది. సికిల్ సెల్ అనెడి వ్యాధి అదియే. 139వ కీర్తనలో దావీదు తల్లి గర్భములో తాను విచిత్రముగా నిర్మింపబడుటను తలంచి ఆశ్చర్యపడెను. ఇంత సన్నని నేత పని అతడు చూడలేదు; చూడకయే స్తుతించెను.

పూసల వరుస తెలిసినయెడల మడత తెలిసికొనవచ్చునా? వరుసలోనే మడత దాగియున్నదని క్రిస్టియన్ ఆన్‌ఫిన్‌సెన్ అను శాస్త్రజ్ఞుడు చూపి 1972లో నోబెల్ బహుమానము పొందెను. దాగియున్నదని తెలియుట వేరు, దానిని చదువగలుగుట వేరు. ఒక ప్రొటీను ముడుచుకొనగల విధములన్నిటిని ఒక్కొక్కటిగా పరీక్షించుచు పోయినయెడల ఈ విశ్వము వయస్సు కూడ చాలదని సైరస్ లెవింతాల్ 1969లో చెప్పెను. అయితే మన దేహములో ఆ మడత రెప్పపాటులో పడుచున్నది.

కాబట్టి శాస్త్రజ్ఞులకు ముఖ్యముగా ఒక మార్గము మిగిలెను. ప్రొటీనును కలకండ పలుకువలె స్ఫటికముగా పెంచి, దాని గుండ ఎక్స్‌రే కిరణములను పంపి, అవతల పడిన చుక్కలనుబట్టి లోపలి రూపమును లెక్కకట్టుట. ఇది ఎంత ఓర్పుగల పనియో ఒక స్త్రీ చరిత్రవలన తెలిసికొందము. ఇంగ్లండులో డొరతీ హాడ్జికిన్ అను ఆమె 1935లో ఇన్సులిను స్ఫటికమునకు మొదటి ఎక్స్‌రే చిత్రము తీసెను. అప్పటికే ఆమె చేతుల కీళ్లు వాతముచేత వాచి వంకరపోవ మొదలాయెను. ఆ చేతులతోనే ఆమె స్ఫటికములను పట్టుకొనెను, పెన్సిలు పట్టుకొనెను, పిల్లలను పెంచెను. పెన్సిలిను, బి12 విటమిను రూపములు కనుగొనినందుకు 1964లో ఆమెకు నోబెల్ బహుమానము ఇచ్చిరి. ఇన్సులిను మాత్రము ఇంకను లొంగలేదు. అది 1969లో తేలెను. మొదటి చిత్రమునకును ఆ దినమునకును నడుమ 34 సంవత్సరములు. నేను ఈ సంగతి చదివి పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని. ఇరువది సంవత్సరములుగా ఒకే పాఠమును బోధించి ఫలము కనబడలేదని విసిగికొను కాపరులలో నేనొకడను.

హిమోగ్లోబినుతో సుమారు ఇరువది రెండేండ్లు పెనుగులాడిన మాక్స్ పెరూజ్, ఆయనతోకూడ 1962లో బహుమానము పొందిన జాన్ కెండ్రూ, మన పొరుగున మద్రాసు విశ్వవిద్యాలయములో ఉండి 1963లో ఈ గొలుసు ఎక్కడెక్కడ వంగవచ్చునో ఎక్కడ వంగరాదో పటము గీసి చూపిన జి. యన్. రామచంద్రన్ మొదలైనవారు ఇట్టివారే. ఎక్కడైనను ఒక ప్రొటీను రూపము కనుగొనినప్పుడు అది సరియో కాదో రామచంద్రన్ గీసిన పటముతో ఈనాటికిని సరిచూచుచున్నారు. ఇట్లు కనుగొనిన రూపములను ఎవరి పెట్టెలో వారు దాచుకొనక, అందరును వచ్చి చూచుకొనునట్లు 1971లో ప్రొటీన్ డేటా బ్యాంకు అను ఉమ్మడి భాండారమును స్థాపించిరి. మొదట అందులో ఉన్నవి ఏడే రూపములు. ఏబది సంవత్సరములలో అవి సుమారు 1,70,000 ఆయెను. ఒక్కొక్క రూపము వెనుక ఒక విద్యార్థి యౌవనము, ఒక గురువు సహనము, ఎక్కువగా ప్రజల పన్నుల సొమ్ము ఉన్నవి. పేర్లు ఎవరికి తెలియును?

ఇక యంత్రము సంగతి. లండనులో డీప్‌మైండ్ అను సంస్థవారు, డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్ అనువారి నాయకత్వమున, ఆల్ఫాఫోల్డ్ అను కృత్రిమ మేధను తయారుచేసిరి. దానికి ఆ భాండారములోని రూపములను, వాటి పూసల వరుసలను చూపి, ఏ వరుసకు ఏ మడత పడునో అభ్యాసము చేయించిరి. అది మరియొక ఉపాయము కూడ వాడుకొనును. ఒకే ప్రొటీను మనిషిలోను, ఎలుకలోను, చేపలోను కొద్ది మార్పులతో ఉండును. ఆ వరుసలన్నిటిని ప్రక్కప్రక్కన పెట్టి, ఒకచోట పూస మారినప్పుడెల్ల మరియొకచోట కూడ ఏది మారుచున్నదో అది కనిపెట్టును. అట్లు జంటగా మారునవి మడతలో ఒకదానికొకటి ఆనుకొనియుండునని ఊహించును. రెండేండ్లకొకసారి శాస్త్రజ్ఞులు ఒక పరీక్ష పెట్టుచుందురు. జవాబు దాచియుంచి, వరుస మాత్రమే యిచ్చి, రూపము చెప్పుమందురు. 2020లో జరిగిన ఆ పరీక్షలో ఆల్ఫాఫోల్డ్‌నకు నూటికి సుమారు 92 వచ్చినవి. 2022 నాటికి ఇరువది కోట్లకు మించిన ప్రొటీనుల రూపములను అది ఊహించి చెప్పెను. 2024లో హస్సాబిస్, జంపర్ గారలకు నోబెల్ రసాయన శాస్త్ర బహుమానములో సగము, క్రొత్త ప్రొటీనులను రూపకల్పన చేసిన డేవిడ్ బేకర్ గారికి సగము ఇచ్చిరి.

దీనిని చూచి ఆ అబ్బాయి భయపడుటలో వింత లేదు. అయితే ఇక్కడ ఒక ప్రశ్న వేసికొందము. ఈ పంట ఎవరిది?

మన పొలములలోనికి ఇప్పుడు వరికోత యంత్రము వచ్చినది. పూర్వము పదిమంది పొద్దస్తమానము నడుము వంచి కోసిన చేనును అది గంటలో కోసి, నూర్చి, గింజలను ట్రాక్టరులో పోయుచున్నది. చూచుటకు ముచ్చటగానే యుండును. అయినను ఆ వడ్లు యంత్రము పండించినదని మన ఊరిలో ఏ పసిబిడ్డయు చెప్పదు. దుక్కి దున్నినవాడున్నాడు. వానలో తడిసి నాట్లు వేసిన స్త్రీలున్నారు. ఆ అబ్బాయి నాయనమ్మ వారిలో ఒకతె. రాత్రివేళ లాంతరు పట్టుకొని మడికి నీళ్లు పెట్టినవాడున్నాడు. ఈ పని లేని పొలములో యంత్రమును దింపినయెడల అది దేనిని కోయును? సమరయ పొలములను చూపించుచు మన ప్రభువు శిష్యులతో చెప్పినది ఇదియే. విత్తువాడు వేరు, కోయువాడు వేరు. వారు ఇతరుల కష్టఫలములో ప్రవేశించిరి. ఆ మాట వారిని తగ్గించుటకు చెప్పినది కాదు. విత్తువాడును కోయువాడును కూడ సంతోషించునట్లే చెప్పబడినది. అయితే కోయువాడు విత్తినవానిని మరచినప్పుడు ఆ కూడిన సంతోషము ఎక్కడ నుండి వచ్చును?

మరచుట మనకు మిక్కిలి సులభము. బోదకాలు రాకుండ మన జిల్లాలలో ఎన్నో ఏండ్లు ఇంటింటికి వచ్చి మ్రింగించిన మాత్రల సంగతి తలంచుడి. ఆ మందును అమెరికాలో తన పరిశోధకులచేత కనుగొనజేసినవాడు 1895లో మన భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1948లో చనిపోయెను. నోబెల్ బహుమానము ఆయనకు రాలేదు. ఆ మాత్రలు మ్రింగినవారిలో ఎందరు ఆయన పేరు ఎరుగుదురు? ఈ వ్యాసము వ్రాయువరకు నేనును ఎరుగను.

ఇప్పుడు గొడ్డలి యొద్దకు వత్తము. తనతో నరకుచున్నవానిమీద గొడ్డలి అతిశయించవచ్చునా అని యెషయా 10వ అధ్యాయములో ప్రవక్త అష్షూరు రాజును గద్దించెను. ఆ రాజు తన చేతి బలముచేతనే అంతయు చేసితినని పలికెను. ఈనాడు యంత్రము అట్లు పలుకుట లేదు. దానికి అతిశయమును లేదు, సిగ్గును లేదు. దాని పక్షముగా మనుష్యులు పలుకుచున్నారు. యంత్రము కనుగొనెను, యంత్రము జయించెను, ఇక మనిషి అక్కరలేదు అని చెప్పుకొనుచున్నారు. గొడ్డలి అతిశయపడుటయే తప్పయినయెడల, యెరవు తెచ్చిన గొడ్డలి అతిశయపడుట ఎంత తప్పు!

యెరవు తెచ్చినవానికి ఒక విధి కలదు. ఈ సంగతిలో ఆ విధి కొంత నెరవేరెను, కొంత నెరవేరలేదు. రెండును చెప్పుట న్యాయము. 2021లో ఆ సంస్థవారు తమ పద్ధతిని అందరికి తెలియజేసి, ఐరోపాలోని ఒక ప్రభుత్వ పరిశోధనాలయముతో కలిసి, యంత్రము చెప్పిన రూపములను ఉచితముగా చూచుకొనునట్లు పెట్టిరి. బీద దేశములోని విద్యార్థియు, కోటీశ్వరుల ప్రయోగశాలలోని పండితుడును ఒకే ద్వారమున ప్రవేశించవచ్చును. చేను కోయునప్పుడు పరదేశికిని విధవరాలికిని పరిగె విడువుమని మోషే ధర్మశాస్త్రము చెప్పినది. ఇక్కడ పరిగె మాత్రమే కాదు, పనలే విడిచిరి. దీనికి నేను దేవుని స్తుతించుచున్నాను. అయితే 2024 మే నెలలో దాని తరువాతి యంత్రమును ప్రకటించినప్పుడు లోపలి సూత్రములను బయటపెట్టలేదు. అందరి భాండారము మీద నేర్చుకొనినదానిని మరుగుచేయుట తగునా అని అనేక శాస్త్రజ్ఞులు ఆక్షేపించిరి. అదే సంవత్సరము నవంబరులో, వ్యాపారమునకు కాక విద్యాపరిశోధనకు వాడుకొనవచ్చునని షరతు పెట్టి ఆ సూత్రములను ఇచ్చిరి. వ్యాపారులకు ఖర్చులున్నవి, మందులు కనిపెట్టుటకు డబ్బు కావలెను, అది నాకు తెలియును. అయినను ఇతరులు ఏబది ఏండ్లు దాచక ఇచ్చినదానిని తీసికొని ఎదిగినవాడు, తనవంతు వచ్చినప్పుడు గుప్పిలి మూసికొనినయెడల, నా మనస్సాక్షి దానిని ఒప్పుకొనదు.

ఈ యంత్రములో ఒక గుణము మాత్రము నన్ను గద్దించెను. అది తాను చెప్పిన రూపములో ఏ భాగమునందు తనకు ఎంత నమ్మకమున్నదో నూటికి ఇన్ని అని చెప్పును. గట్టి నమ్మకమున్నచోట ముదురు నీలము, సందేహమున్నచోట నారింజ రంగు వేసి చూపును. కొన్ని ప్రొటీనులకు స్థిరమైన మడత ఉండదు. అక్కడ చిత్రమంతయు నారింజ రంగుగా నుండును. పులిపీఠము మీద నిలిచి ఇన్ని ప్రసంగములు చేసితిని. ఒక్కనాడైనను సంఘమునకు నా నారింజ రంగు చూపితినా? అన్ని యంత్రములకును ఈ గుణము లేదు సుమా. మన సహోదరుడొకరు ఫోనులోని కృత్రిమ మేధను అడిగి తెచ్చిన వాక్యభాగమును ప్రార్థన కూటములో చదువబోయిరి. అది హబక్కూకు 5వ అధ్యాయములోనిదని వ్రాసియున్నది. హబక్కూకు గ్రంథములో ఉన్నవి మూడే అధ్యాయములు! మాట మాత్రము ఎంతో భక్తిగా నుండెను. శాస్త్రములోనైనను సంఘములోనైనను, లేనిదానిని ఉన్నట్లు నిబ్బరముగా చెప్పు నోటివలన కలుగు చెరుపు గొప్పది.

ఆ అబ్బాయికి నేను చివరకు చెప్పినది మలేరియా సంగతి. వాని తండ్రి చలిజ్వరముతోనే చనిపోయెను. మలేరియా పురుగు దోమలో ప్రవేశించినప్పుడు దానికి అవసరమైన ఒక ప్రొటీను కలదు. దానిని అడ్డగించు టీకా చేయవలెనని ఆక్స్‌ఫర్డులో మాథ్యూ హిగ్గిన్స్ గారి బృందము ఏండ్ల తరబడి దాని రూపము కొరకు ప్రయాసపడెను. వారికి దొరికిన ఎక్స్‌రే చిత్రములు మసకగా నుండెను. ఆల్ఫాఫోల్డ్ ఊహించిన రూపమును తమ మసక చిత్రములతో జతపరచగా సంగతి స్పష్టమాయెను. 2022లో దానిని ప్రకటించిరి. టీకాను మనుష్యులలో పరీక్షించు పని అటుతరువాతిది, దీర్ఘమైనది. ఇక్కడ చూడుము నాయనా అని చెప్పితిని. ఆ పురుగును ఎన్నుకొనినది యంత్రము కాదు. ఏ ప్రొటీనును అడ్డగించినయెడల దోమ నుండి మనిషికి రాకుండునో ఆలోచించినది యంత్రము కాదు. ప్రొటీను తుదకు ఏ రూపము పొందునో అది చెప్పుచున్నది. ఏలాగు, ఏ మెట్టు తరువాత ఏ మెట్టుగా ఆ రూపము పొందునో ఇంకను పరిశోధించుచునే యున్నారు. సామెతలు 25వ అధ్యాయమున దేవుడు సంగతులను మరుగుచేయుననియు, వాటిని శోధించుట రాజులకు ఘనత అనియు సొలొమోను భావము. శోధించు ఆ ఘనతను వద్దని త్రోసివేయుటకు నీ నాయనమ్మ బురదలో నిలుచుచున్నదా?

వాడు మాటలాడలేదు. కొంతసేపటికి బైబిలు తెరచి రాజుల గ్రంథములోని ఆ భాగమును మెల్లగా చదివెను. ఎలీషా కొమ్మ నరికి వేసెను, ఇనుము తేలెను. దైవజనుడు దానిని తానే తీసి ఇవ్వలేదు. పోగొట్టుకొనినవానినే తీసికొనుమనగా వాడు చెయ్యి చాపి తీసికొనెను.

“తరవాత ఆ గొడ్డలి సొంతదారుడికి తిరిగి ఇచ్చేశాడా, అయ్యగారూ?” అని అడిగెను.

ఇద్దరమును వచనములు వెదకితిమి. ఎనిమిదవ వచనములో సిరియా రాజు యుద్ధము మొదలగుచున్నది. గొడ్డలి సంగతి మరి వ్రాయబడలేదు.